మీసాలు ముందు

పిల్లి బొమ్మలో మీసాలు చివర్లో గీస్తారనుకుంటారు చాలామంది. నేను మొదటే వేసేస్తా. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి గీస్తే కాగితం మీద గాడి పడుతుంది. తర్వాత 4బి పెన్సిల్‌ని పక్కవాటుగా రుద్దినా ఆ గాడిలోకి నలుపు దిగదు, తెల్ల మీసం తేలుతుంది.

నల్ల కుక్కయితే ఇంకా తంటా. అంతా నలుపు నింపేస్తే మిగిలేది మసిగుడ్డే. బొచ్చు ఎటు వాలితే పెన్సిలూ అటే. కంట్లో మెరుపంటారా, అది మనం ముట్టుకోకుండా వదిలేసిన కాగితం.

మనుషుల బొమ్మలకి బొచ్చు బాధ లేదు గానీ, వేయించుకునేవాళ్లతోనే బాధ! "కాస్త తెల్లగా వెయ్యండి, ఆ మచ్చ తీసెయ్యండి" అంటారు. కుక్క ఫొటో పంపినవాళ్లు మాత్రం "ఎడమ చెవి చిరిగింది చూశారా, అది తప్పకుండా రావాలండీ" అని మళ్లీ మెసేజ్ పెడతారు.