పరుగు పేరిట పరుగే

అమెరికాలో నేనుండే హిల్స్‌బరో నుంచి కారులో దక్షిణంగా రెండు గంటలు వెళ్తే యూజీన్ వస్తుంది. ఒరెగన్ విశ్వవిద్యాలయం వాళ్ల హేవార్డ్ ఫీల్డ్ అక్కడే. 2022 ప్రపంచ పోటీల్లో నీరజ్ చోప్రా వెండి పతకం కొట్టిన మైదానం కాబట్టి మనవాళ్లకీ తెలుసు. దాని టవర్ మీద మీసాల కుర్రాడి బొమ్మ ఒకటుంది. పేరు స్టీవ్ ప్రీఫోంటేన్, ఇక్కడివాళ్లకి ‘ప్రీ’.

కూస్‌బే అనే కలప రేవు నుంచి వచ్చి, ఒరెగన్ విశ్వవిద్యాలయం తరఫున 1970 నుంచి 1973 దాకా వరసగా నాలుగేళ్లు మూడు మైళ్లు, అయిదు వేల మీటర్ల పరుగుల్లో కాలేజీల జాతీయ విజేత అయ్యాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో నాలుగోవాడు. 1975 మేలో, హేవార్డ్‌లో గెలిచిన రాత్రే కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై నాలుగేళ్లు. మరుసటి ఏడాదే జాతీయ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

నాకు నచ్చిన గౌరవం మాత్రం కూస్‌బేలో ఉంది. ఏటా సెప్టెంబరులో అతని పేరిట పది కిలోమీటర్ల పరుగు పెడతారు. అతను చదివిన హైస్కూలు ట్రాక్ మీద ముగుస్తుంది. బడిపిల్లలతో పాటు నాలాంటి పొట్టగాళ్లూ పరిగెడతారు.

మా ఊరు తాటిపాక చుట్టుపక్కల మాత్రం తెల్లారకుండానే కాలవగట్ల మీద పరిగెత్తేది కానిస్టేబులు ఉద్యోగం కోసం. మగపిల్లలు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పూర్తిచేయాలి. అంతకంటే తొమ్మిది మీటర్లు ఎక్కువుండే మైలుని ప్రీ 3 నిమిషాల 54.6 సెకన్లలో పరిగెత్తాడు. మనవాళ్లకి కాళ్లు లేక కాదు. ఉద్యోగం వస్తే పరుగు ఆగిపోతుంది, రాకపోతే ఇంకా ముందే.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తే మార్టేరు. ఆ ఊరి సత్తి గీత 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4×400 రిలే ఫైనల్లో పరిగెత్తింది. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024లో పారిస్‌లో అదే రిలేకి దిగింది. ఇలాంటివాళ్లకి శాలువా కప్పుతాం, ఫ్లెక్సీ కడతాం. మొదటి వానకి ఫ్లెక్సీ పోతుంది.

సంక్రాంతికి ఊరొచ్చే ప్రవాసులకి నాదో మాట. కోడిపందేలకి, ప్రభల తీర్థానికి ఎలాగూ వెళ్తాం. భోగి మర్నాడు పొద్దున్నే తాటిపాక సెంటర్ నుంచి రాజోలు దాకా, ఆ అమ్మాయిల పేరిట ఒక పరుగు పెడదాం. గెలిచినవాళ్లకి మంచి బూట్లు, ఖర్చు మాది. షరతు ఒక్కటే: కానిస్టేబులు ఉద్యోగం వచ్చేసినవాళ్లు కూడా రావాలి.