అయిదో చక్రం

కారుకి చక్రాలెన్ని అని అడిగితే ఎవరైనా నాలుగని చెబుతారు. మా శ్రీకాకుళం వైపు అద్దెకారు డ్రైవరుని అడిగి చూడండి, "స్టెప్నీతో అయిదు బావూ" అంటాడు. కష్టకాలంలో తప్ప ఎవరికీ గుర్తురాని ఆ అయిదోదాని గురించే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ పేరు సంగతి. స్టెప్నీ అన్నది మన గరాజుల్లో పుట్టిన మాట కాదు. వేల్సు దేశంలో లనెథ్లీ అనే ఊరుంది. ఆ ఊళ్ళో ఒక వీధి పేరు స్టెప్నీ. 1904లో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన అక్కడ అదనపు చక్రాన్ని తయారుచేశాడు. అంతకుముందు కార్లకి విడిచక్రమే ఉండేది కాదు. టైరులో గాలి పోతే దారిపక్కన కూర్చుని బాగుచేసుకోవలసిందే. డేవిస్ చేసినది ఆకులు లేని చక్రం. పాడైన చక్రాన్ని ఊడదీయకుండా దాని పక్కనే బిగించుకుని ముందుకు సాగిపోయేవారు. ఆ సంస్థ ఏనాడో కనుమరుగైనా, పేరు మాత్రం మన దేశంలో నిలిచిపోయింది. బ్రెజిల్ దేశస్థులు నేటికీ 'ఎస్తెపి' అంటారు. సాలూరు లారీ షెడ్డులోని కుర్రవాడూ, బ్రెజిల్ మెకానిక్కూ తెలియకుండానే ఒకే వీధి పేరు పలుకుతున్నారన్నమాట!

పేరు స్థిరపడింది కానీ, పాపం ఆ చక్రానికి స్థిరనివాసం దొరకలేదు. తొలినాళ్ళ కార్లలో పక్కన ఫుట్‌బోర్డు మీదో, వెనకవైపో దర్జాగా అందరికీ కనబడుతూ ఉండేది. తరువాత డిక్కీలోకి చేరింది. సుమో, బొలెరోల్లో వెనకతలుపుకి వేలాడింది. తీయడం సులువే, కాని ఆ బరువంతా తలుపు బందుల మీద పడుతుంది. ఇన్నోవా వంటి వాటిలో బండి అడుగున దాక్కుంది. వెనక ఉన్న చిన్న కన్నంలోంచి పొడవాటి కడ్డీ దూర్చి తిప్పుతూ ఉంటే మెల్లగా కిందకి దిగుతుంది. పొడినేల మీద బాగానే ఉంటుంది. వానాకాలంలో, బురదరోడ్డు మీద, అందులోనూ వెనక టైరే కూర్చుండిపోతే, కిందకి దూరి దాన్ని బయటకి లాగేవాడి అవస్థ చూడాలి. ఇంజను వెనక ఉన్న నానోలో ఆ చక్రం ముందు బానెట్టు కిందకి వచ్చింది. వింతగా అనిపించినా, సామాను కదపకుండా తీయగలిగిన ఏర్పాటు అది. సీఎన్‌జీ కార్లలోనైతే డిక్కీని సిలిండరు ఆక్రమించేసరికి, చక్రమే చోటు వెతుక్కోవలసి వచ్చింది.

మావయ్యది ఉద్దానం. ఆ ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో వేరే చెప్పనక్కరలేదు. దగ్గరలో డయాలసిస్ సదుపాయం లేని రోజుల్లో ఆయన్ని విశాఖపట్నం తీసుకువెళ్ళేవాళ్ళం. పలాస నుంచే నూట ఎనభై కిలోమీటర్ల పైమాట. వెళితే రెండుమూడు రోజులు అక్కడే ఉండాలి కనుక చాప, దుప్పట్లు, స్టవ్వు, గిన్నెలు, బియ్యం, మందుల సంచి అన్నీ డిక్కీలోకి ఎక్కేవి. చక్రం వాటన్నిటికీ అడుగున, రేకు కింద. ఒకనాటి తెల్లవారుజామున కోటబొమ్మాళి దాటాక టైరు పేలింది. సామానంతా రోడ్డు పక్కకి దించాం. జాకీ ఎత్తాలంటే మనిషి దిగాలి కనుక, ఉబ్బిన కాళ్ళతో ఆయన్నీ దించి చాపమీద కూర్చోబెట్టాం. పక్కనుంచి లారీలు హోరుమని పోతున్నాయి. డ్రైవరు చీకట్లో తడుముకుంటూ బోల్టులు విప్పుతున్నాడు. మావయ్య కాసేపు చూసి, "ఇన్నాళ్ళూ దాన్ని మనం మోసినాం. ఇయ్యాల అది మనల్ని దింపీసిందిరా" అన్నాడు. నవ్వాము గానీ, ఆసుపత్రిలో మా వంతు దాటిపోతుందేమోనన్న భయం అందరి ముఖాల్లోనూ ఉంది.

ఆ మాట తరువాత చాలాకాలం నన్ను వెంటాడింది. కారుతో వచ్చే పుస్తకంలో స్టెప్నీ తీసే బొమ్మ చూడండి. డిక్కీ ఖాళీగా ఉంటుంది! బొమ్మ గీసినవారి ఊహలో సామాను లేదు, రోగి లేడు, చీకటి లేదు. నిజజీవితంలోనో, దూరప్రయాణమంటేనే డిక్కీ నిండటం. వేసవిలో ఉద్దానం నుంచి వచ్చే కారులో పనసకాయలు, కొబ్బరికాయలు లేకుండా ఉంటాయా? చక్రం అవసరపడేదీ, దాన్ని అందుకోలేకపోయేదీ ఒకే సమయంలో.

ఇప్పుడు ఆ చక్రమే మాయమవుతోంది. 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించింది. ట్యూబులేని టైర్లు, గాలి ఒత్తిడిని తెలిపే పరికరం, పంక్చరు సరిచేసుకునే కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కరలేదు. కొన్ని విద్యుత్ కార్లు అది లేకుండానే వస్తున్నాయి. బరువు తగ్గుతుంది, చోటు మిగులుతుంది, నిజమే. నగరంలో ఫోను చేస్తే మనిషి వస్తాడు. కాని ఆ కిట్టులోని జిగురు మేకు దిగిన కన్నాన్ని పూడుస్తుందే తప్ప, రాయి కోసి టైరు పక్కభాగం చీలితే ఏమీ చేయలేదు. సాలూరు ఘాటీలో రాత్రివేళ అలా జరిగితే ఎవరికి ఫోను చేయాలి?

కనుక కొత్తకారు కొనబోయే మిత్రులకి నాదొక చిన్న మనవి. రంగు, మైలేజీ, పాటల పెట్టె అన్నీ చూసుకోండి. ఆపైన స్టెప్నీ ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో అడిగి, మీ చేతులతో ఒకసారి బయటకి తీసి చూడండి. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు ఉన్నాయనుకుని మరీ తీయండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి.