పికప్‌కి పవర్ సీటు

ఇసుజు వీ-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. పై వేరియంట్లో డ్రైవర్ సీటు బటన్ నొక్కితే జరుగుతుంది, దాని తమ్ముడు హై-ల్యాండర్‌లో చేత్తో జరుపుకోవాలి. అందుకే గాజువాక వైపు ఈ ప్రశ్న తరచూ వింటున్నా: "అన్నా, సెకండ్‌హ్యాండ్ పవర్ సీటు దొరికింది, పెట్టించెయ్యొచ్చా?"

పెట్టించొచ్చు. మోటార్లు నడిచేది మామూలు 12 వోల్టుల మీదే. కాకపోతే మనిషి కూర్చున్న సీటుని కదపాలంటే కరెంటు గట్టిగానే లాగుతాయి. స్టీరియో వైరుకి అతికించి సరిపెట్టకండి. బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు లాగించి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. ఆ వైరు ఎంత మోయగలదో చూసి ఫ్యూజు ఎంచాలి. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చేచోట రబ్బరు బుష్షు లేకపోతే, రేకు అంచుకి ఒరుసుకుని ఎప్పుడో షార్టవుతుంది.

వైజాగ్‌లో ఉప్పుగాలి సంగతి తెలిసిందే. ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయాలి. రేపు సీటు నెమ్మదిస్తే మోటారు మార్చే ముందు ఆ ఎర్త్ చూడండి.

సీటు కింద పసుపు కనెక్టరుంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ మైనస్ తీసి, కాసేపు ఆగాకే ముట్టుకోవాలి. దానికి టెస్ట్ ల్యాంప్ అసలు పెట్టొద్దు.

బోల్టు రంధ్రాలు కలవకపోతే మాత్రం ఆ సీటు వదిలేయండి. గుద్దుకున్నప్పుడు మనిషితో పాటు సీటుని పట్టి ఉంచేవి ఆ బోల్టులే.