పట్టుకుంటే వదలని మందు

చంటిపాప అరచేతిలో వేలు పెట్టి చూడండి. బుజ్జి గుప్పిట మెల్లగా మూసుకుంటుంది. ఇక వేలు వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. ఓ రకం రక్తక్యాన్సర్ రోగుల తలరాత మార్చిన మాత్ర కథా ఇలాంటిదే.

దాని పేరు ఇమాటినిబ్. గ్లివెక్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. సీఎంఎల్ అనే జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై 'బీసీఆర్-ఏబీఎల్' అనే ప్రొటీన్ పుడుతుంది. కట్టేయని కుళాయిలా అది తెల్లకణాలను పెంచుతూనే ఉంటుంది. దాని ఏబీఎల్ భాగంలో చిన్న గుంట ఉంది. మందు అణువు అందులో దూరి కూర్చుంటే కుళాయి కట్టేసినట్టే. అమెరికాలో డాక్టర్ బ్రయాన్ డ్రుకర్ బృందం 1998లో రోగులపై ప్రయోగాలు మొదలుపెట్టింది. అంతకుముందు ఇంటర్‌ఫెరాన్‌తో ఫలితం దక్కనివారు వాళ్లు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికొచ్చింది. 2001 మేలో అక్కడి ప్రభుత్వం అనుమతిచ్చింది.

మరి మందు ఎంత గట్టిగా పట్టుకుందో తెలిసేదెలా? కంటికి కనిపించేది కాదుగా! ప్రొటీన్ ద్రావణంలో మందును కొద్దికొద్దిగా కలుపుతూ పోతారు. రెండూ అతుక్కుంటే వేడిలోనో, ప్రొటీన్ వెదజల్లే కాంతిలోనో తేడా వస్తుంది. దాన్ని పరికరాలు పసిగడతాయి. సగం ప్రొటీన్లకు మందు అంటుకోవడానికి ఎంత గాఢత కావాలన్నదే కొలమానం. అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిదన్నమాట.

ఇక్కడే ఓ చిక్కుముడి. ఎస్ఆర్‌సీ అనే ప్రొటీన్ ఏబీఎల్‌కు దగ్గరి చుట్టం. ఇద్దరి గుంటలూ కవలల్లా ఉంటాయి. కొలిస్తే మాత్రం ఏబీఎల్‌తో మందు పట్టు దాదాపు 3,000 రెట్లు ఎక్కువ! ఆకారం ఎంత పరిశీలించినా జవాబు దొరకలేదు. బ్రాండైస్ యూనివర్సిటీలో డొరొతీ కెర్న్ బృందం పట్టుతోపాటు అది ఎంత వేగంగా పడుతుందో, ఎంత నిదానంగా వదులుతుందో కూడా కొలిచింది. 2014లో గుట్టు బయటపెట్టింది. మందు వచ్చి కూర్చున్నాక ఏబీఎల్ తానే ఆకారం మార్చుకుని, పాప గుప్పిటలా దాని చుట్టూ మూసుకుంటుంది. ఎస్ఆర్‌సీకి ఆ పని అంత బాగా చేతకాదు. పాఠాల్లో తాళం, తాళంచెవి పోలిక చెబుతారు గానీ, తాళం ఎక్కడైనా చెవిని చూసి ముడుచుకుంటుందా!

పట్టు తప్పితే ఏమవుతుందో రోగులకు అంతకు చాలాముందే తెలిసొచ్చింది. మొదట మందు పనిచేసి, తర్వాత జబ్బు తిరగబెట్టినవాళ్లను 2001లో పరీక్షించారు. తొమ్మిది మందిలో ఆరుగురికి ఒకటే మార్పు. ఏబీఎల్‌లో 315వ స్థానంలో త్రియోనిన్ ఉండాల్సిన చోట లావుపాటి ఐసోల్యూసిన్ తిష్ఠ వేసింది. అంత పొడవాటి గొలుసులో ఒక్క పూస! మాత్ర అదే. వేసుకునే మనిషీ మారలేదు. ఇంట్లోవాళ్లు పథ్యంలో ఏ లోపం జరిగిందోనని ఎంత మథనపడ్డారో. తప్పు ఆ పూసది.

ఆ అడ్డును తప్పించుకు దూరేలా మలిచిన పొనాటినిబ్‌కు 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. దానివల్ల రక్తనాళాలు పూడుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆచితూచి వాడతారు. ఇప్పుడు ఇమాటినిబ్ పట్టు సడలుతోందని అనుమానం వస్తే డాక్టర్లు రక్తం తీయించి, ఏ పూస మారిందో చూసి మరీ మందు మారుస్తున్నారు.