మంచె మీద దోమతెర

నిరుడు ఆగస్టులో హైదరాబాదు వెళ్ళాను. అక్కడ ఒక విశ్వవిద్యాలయంలో మా పెద్దన్న కూతురు ఎమ్మెస్సీ చదువుతోంది. "అత్తా, ఇరవయ్యో తారీఖున మా దగ్గర పెద్ద మీటింగు ఉంది. ఆరోగ్యం, పర్యావరణం మీద. మలేరియా గురించి కూడా మాట్లాడతారంట. ఎవరైనా రావచ్చు, నువ్వు రా" అని ఫోను చేసింది. ఎవరైనా రావచ్చు అన్న మాట నాకు నచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి, భద్రాచలం వచ్చి రాత్రి బస్సెక్కాను.

మలేరియా అంటే నేను అంత దూరం పోవడానికి కారణం ఉంది. మాది శబరి ఒడ్డున కోయ ఊరు. 1993లో, జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో, మా తమ్ముడు నాన్నతో పాటు పోడు చేను కావలికి వెళ్ళేవాడు. రాత్రిళ్ళు మంచె మీదే పడుకునేవాళ్ళు. ఒకరోజు వాడికి చలిజ్వరం వచ్చింది. మూడో రోజుకి మనుషుల్ని గుర్తుపట్టలేదు. మంచం తిరగేసి, కర్ర కట్టి మోసుకుపోయారు. ఆసుపత్రి చేరకముందే దారిలో పోయాడు. వాడికి పన్నెండేళ్ళు. మెదడుకెక్కిన మలేరియా అని నాకు తెలిసింది టీచరు ట్రైనింగు చదివేటప్పుడు.

మీటింగు హాలు చల్లగా ఉంది. ఉపన్యాసం ఇంగ్లీషులో. నాకు సగం అర్థమైంది, మిగతా సగం పిల్ల చెవిలో చెప్పింది. ఆ తారీఖే ఎందుకు పెట్టారో ముందు చెప్పారు. 1897లో ఆగస్టు 20న, సికింద్రాబాదులో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమ కుట్టిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు అణా చొప్పున రాస్ అతనికి డబ్బులిచ్చాడట. ఆ మాటకు హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రాస్ పేరు మా పిల్లలకు నేనే చెప్పాను. హుసేన్ ఖాన్ పేరు మాత్రం ఆ రోజే విన్నాను.

తర్వాత భూమి వేడెక్కడం గురించి చెప్పారు. వేడి పెరిగితే దోమలు కొండ మీది ఊళ్ళకూ ఎక్కుతాయని, వరదల తర్వాత జ్వరాలు పెరుగుతాయని తెర మీద గీతలు చూపించారు. అది నిజమే. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి ఎగదన్ని మా ఊళ్ళోకి వచ్చింది. మేం గుట్ట మీద టార్పాలిన్ల కింద ఉన్నాం. నీళ్ళు తీశాక గుంటల్లో ఎంత దోమో చెప్పలేను. వాళ్ళ గీతలో ఆ గుంటలన్నీ ఒక్క చుక్క.

2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యమని కూడా చెప్పారు. ఇక్కడే ఒక మాట వచ్చింది. మందు పూసిన దోమతెరలు ఉచితంగా ఇచ్చినా ఆదివాసులు వాడరు, వాటితో చేపలు పడతారు అని. మళ్ళీ నవ్వులు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు చెయ్యెత్తాను. మైకు చేతికొచ్చేసరికి కాళ్ళు వణికాయి. తెలుగులోనే అన్నాను: "అమ్మా, చేపలు పట్టినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ మా ఊళ్ళో తెర ఇచ్చేది ఇంటికి. పంట కాలంలో మనిషి పడుకునేది చేలో, మంచె మీద. జ్వరాలొచ్చేదీ ఆ రోజుల్లోనే. మంచె మీద దోమతెర ఎలా కట్టాలో ఎవరైనా చూశారా?"

ఇంకేదో చెప్పబోయాను. సభ నడిపే ఆయన టైమైపోయింది, టీకి వెళ్దాం అన్నారు. మైకు తీసుకున్నారు.

టీ దగ్గర, ఉపన్యాసం ఇచ్చిన మేడమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మంచె అంటే ఎంత ఎత్తుంటుందండీ? ఎన్ని నెలలు పడుకుంటారు?" అని అడిగి పుస్తకంలో రాసుకుంది. "ఇది మాకు ఎవరూ చెప్పలేదు" అంది. మీరెవరూ అడగలేదు అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. నా నంబరు తీసుకుంది.

ఊరికొచ్చాక ఒక ఆదివారం మా బడి వరండాలో మీటింగు పెట్టాను. చాపలు పరిచాం. వాగు పక్క గుంటలోని నీళ్ళు గాజు సీసాల్లో పట్టి తెచ్చాం. నీటి పైన అడ్డంగా, పుల్లలా తేలేది మలేరియా దోమ పిల్ల, తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడేది వేరే దోమ పిల్ల అని మా నాలుగో తరగతి పిల్లలు పెద్దలకు కోయలో చెప్పారు. మంచెకు నాలుగు మూలలా వెదురు కర్రలు కట్టి తెర దించి చూపించాం.

అప్పుడు మా పెద్దనాన్న లేచాడు. "తెరలో పడుకుంటే అడవి పంది చేలో పడిందాకా తెలవదు. డబ్బా కొట్టేదెవరు?" అన్నాడు. ఇది నాకూ తట్టలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి, మంచెకు ఇద్దరు పోవాలి, ఒకడు తెరలో నిద్రపోతే ఇంకొకడు దుప్పటి కప్పుకుని పొగ దగ్గర మేలుకోవాలి, తెల్లారేలోపు మారాలి అని తేల్చారు. మనుషులు తక్కువున్న ఇంటికి పక్క చేను వాళ్ళు తోడు రావాలన్నారు. ఆ మాట అన్నది కూడా పెద్దనాన్నే.

నిరుడు జొన్న కోసేదాకా మా ఊళ్ళో నాలుగు మంచెలకు తెరలు కట్టారు. దానివల్ల జ్వరాలు తగ్గాయో లేదో చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. రక్తం పరీక్ష చేసి, ఏడాది పొడవునా రాసి, పక్క ఊళ్ళతో పోల్చి చూడాలి. అది టీచరు వల్ల అయ్యేది కాదు. దానికి విశ్వవిద్యాలయం కావాలి.

మేడం నుంచి ఫోను ఇంకా రాలేదు. ఈసారి కంకి పాలు పోసుకునే నెలలో నేనే చేస్తాను. మీటింగు మా వరండాలో పెడదాం, ఎవరైనా రావచ్చు అని చెబుతాను. ఆమె ఇంగ్లీషులో మాట్లాడినా ఫరవాలేదు. మా అన్న కూతురు కోయలోకి చెబుతుంది. ప్రశ్నలకు మాత్రం టైము పెట్టం.