బెర్లిన్‌లో పోయిన తాయెత్తు

8 సెప్టెంబరు 2024, ఆదివారం

నిన్న చవితి పూజలో శమంతకోపాఖ్యానం చదువుతున్నానన్న మాటే గాని, ధ్యాసంతా బెర్లిన్‌లో పోయిన ఆ తాయెత్తు రాయి మీదే. మణిని వెతకడంలో కృష్ణుడి పని నయం. ప్రసేనుడి శవం, సింహం అడుగులు, ఎలుగు అడుగులు, వాటి వెంబడే గుహ. ఇక్కడ జాడ బెర్లిన్ కైజర్ ఫ్రీడ్రిష్ మ్యూజియం జాబితాలో 4939 అనే నంబరు దగ్గరే ఆగిపోతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిందంటారు, అంతే.

చిన్న హెమటైట్ తాయెత్తు. శిలువ మీద ఒక మనిషి, పైన నెలవంక, ఏడు చుక్కలు. గ్రీకులో ‘ఓర్ఫియోస్ బక్కికోస్’ అని రాత. శిలువ మీద ఏసు పేరు లేదు, పాటతో మృగాలను మచ్చిక చేసుకున్న ఓర్ఫియస్ పేరుంది. ఇది అసలుదా, నకిలీదా అన్న గొడవంతా అందుకే.

11 సెప్టెంబరు

రోమన్ల కాలంలో తాయెత్తంటే రోగానికో రాయి. కడుపు జబ్బుకి పచ్చ జాస్పర్ మీద కిరణాలు చిమ్మే పామును చెక్కించుకునేవారు. గాలెన్ వైద్యుడు ఏ బొమ్మా లేని జాస్పర్ కట్టి చూసి, అదీ అంతే పనిచేస్తోందని రాశాడు. బొమ్మ అక్కర్లేదన్నాడు గాని రాయి అక్కర్లేదనలేదు, మహానుభావుడు!

హెమటైట్ రక్తస్రావానికి, గర్భసంచి బాధలకి. గరుకు పలక మీద గీస్తే ఎర్రటి చార పడుతుంది, నమ్మకానికి ఆ ఎరుపే మూలం. మా ఓబుళాపురం గనుల్లో తవ్వింది కూడా ఈ ఖనిజమే. లారీలు తిరిగిన దారిలో వేపాకులు సైతం ఎర్రబారి ఉండేవి. దాన్ని మెడలో కట్టుకుందామన్న వాళ్లు మాత్రం మా వైపు ఎవరూ లేరు.

15 సెప్టెంబరు

బెర్లిన్‌లో ఫ్రీడ్రిష్‌హైన్ పార్కుకి వెళ్లాను. అక్కడి గుట్ట అసలు గుట్ట కాదు. విమానాల్ని కూల్చే ఫిరంగుల కోసం కట్టిన కాంక్రీటు బురుజును యుద్ధం తర్వాత పేల్చి, నగరపు శిథిలాలతో కప్పేశారు. చెట్ల మధ్య దాని అంచు ఇంకా పైకి పొడుచుకొచ్చే ఉంది. నాచు పట్టిన కాంక్రీటు, పక్కనే కుక్కని తిప్పుకుంటున్న ముసలాయన. మ్యూజియం సొత్తు కొంత ఆ బురుజులోనే దాచారు. 1945 మేలో మంటలు లేచి నాలుగు వందలకు పైగా చిత్రాలు పోయాయి. కారవాజ్జోవే మూడు.

కాలిపోయిందనుకుని వదిలేయడానికీ లేదు. ట్రాయ్‌లో ష్లీమన్ తవ్విన బంగారం కూడా యుద్ధంలో గల్లంతైంది, 1996లో మాస్కో పుష్కిన్ మ్యూజియంలో ప్రదర్శనకొచ్చింది. సోవియట్ సైన్యం తీసుకెళ్లినవాటిలో లక్షలకొద్దీ వస్తువులు 1958లో తూర్పు జర్మనీకి తిరిగొచ్చాయి గాని, అన్నీ కాదు. ఈ తాయెత్తు ఏ సొరుగులోనైనా ఉండొచ్చు. ఎవడి జేబులోనో కూడా పోయి ఉండొచ్చు, అంత చిన్నది.

22 సెప్టెంబరు

పండితుడు ఓటో కెర్న్ 1922లో తన ఓర్ఫిక్ (ఓర్ఫియస్ సంప్రదాయపు) శకలాల సంపుటిలో ఈ తాయెత్తుకి చోటిచ్చాడు. 1926లో రైల్, త్సాన్ అనే పండితులు ఇది నకిలీ అన్నారు. కెర్న్ ఒప్పుకున్నాడు. అయినా 1999లో ‘ది జీసస్ మిస్టరీస్’ పుస్తకం అట్ట మీద మళ్లీ ఇదే! రాయి చేతికందితే సూక్ష్మదర్శిని కింద గాడులు చూసి, ఏ పనిముట్టుతో చెక్కారో తేల్చే వీలుండేది. రాయి లేకపోవడం రెండు పక్షాలకీ సుఖంగానే ఉన్నట్టుంది.

బ్రిటిష్ మ్యూజియంలో ఇంకో శిలువ తాయెత్తుంది, 1986లో చేరింది. క్రీ.శ. రెండు, మూడో శతాబ్దాల నాటిది, దాన్ని అసలైనదే అంటారు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకు చూశాను. లండన్ రాతిలో మనిషి కాళ్లు ఎడంగా వేలాడుతున్నాయి, చూడ్డానికి ఘోరంగా ఉంది. బెర్లిన్ రాతిలో కాళ్లు దగ్గరగా, పొందికగా, చర్చి గోడ మీది ఏసు లాగే. నేను రైల్ వైపే. కానీ మాస్కోలో ఎవరైనా సొరుగు తెరిస్తే, మొదటి విమానానికి టికెట్ కొనేదీ నేనే.