గోడమీద మనవడు

మీ ఫోనులో ఎన్ని ఫొటోలున్నాయో ఎప్పుడైనా లెక్క చూసుకున్నారా? వేలల్లోనే ఉంటాయి. పెళ్ళిళ్ళు, పేరంటాలు, బొమ్మలకొలువులు, పిల్లల మొదటి అడుగులు, మొన్న కొత్తగా చేసిన కూర, అన్నీ అందులోనే. మరి వాటిలో మీ ఇంట్లో పెద్దవాళ్ళు తీరిగ్గా చూసినవి ఎన్ని? చూపించబోతే "ఏదీ, కనబడ్డంలేదే" అంటారు. కళ్ళజోడు తెచ్చి పెట్టేసరికి ఫోను వెలుగు ఆరిపోతుంది. మళ్ళీ వెలిగించి చేతికిస్తే వేలు తగిలి బొమ్మ కాస్తా మారిపోతుంది. ఇక వాళ్ళు "పోన్లే అమ్మా, తర్వాత చూస్తాలే" అని ఫోను మనకే ఇచ్చేస్తారు. ఆ 'తర్వాత' ఎప్పుడో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అలాంటి ఇళ్ళల్లో పాత స్లైడు ప్రొజెక్టరు ఏ అటకమీదో ఉన్నట్లయితే, ఈ నాలుగు మాటలూ మీకోసమే.

స్లైడంటే మనకి కొత్తేమీ కాదండీ. సినిమాహాల్లో ఇంటర్వెల్లో బట్టలకొట్టు ప్రకటన, "పొగ త్రాగరాదు", అన్నీ ఒకప్పుడు తెరమీద స్లైడ్లే కదా! అవి కాస్త పెద్దవి. ఇళ్ళల్లో, కాలేజీల్లో వాడేది 35 మిల్లీమీటర్ల ఫిల్ము. బొమ్మ 24 మిల్లీమీటర్లు ఎత్తు, 36 వెడల్పు. చుట్టూ 5 సెంటీమీటర్ల చదరపు అట్టో, ప్లాస్టిక్కో చట్రం. నెగెటివులో రంగులు తలకిందులుగా ఉంటాయి. స్లైడులో అలా కాదు, ఉన్న రంగు ఉన్నట్టే ఉంటుంది. కిటికీకి అడ్డంపెట్టి చూసినా మనిషి మనిషిలాగే కనబడతాడు.

మన పిల్లలు కాలేజీలో "పీపీటీ స్లైడ్లు" చేస్తున్నామంటారు చూడండి, ఆ పేరూ ఈ ఫిల్ము స్లైడ్లనుంచి వచ్చిందే. 1987లో పవర్‌పాయింట్ మొదటిసారి వచ్చినప్పుడు అది తెల్లకాగితాలూ, ప్లాస్టిక్కు షీట్లూ అచ్చువేసుకోవడానికే. 1988లో వచ్చిన రెండో రకంతో, కంప్యూటర్లో చేసిన పేజీని రంగుల 35 మిల్లీమీటర్ల స్లైడుగా చేయించుకునే వీలు వచ్చింది. ఆఫీసులవాళ్ళకి అందుకోసం 'ఫిల్ము రికార్డరు' అనే యంత్రం ఉండేది. దాని లోపల చిన్న పిక్చరు ట్యూబు మీద బొమ్మ పడితే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజుల్లోంచి ఒకే ఫిల్ముమీద మూడుసార్లు వెలుగు పడేది. అంత యంత్రం మనింట్లో ఎక్కడుంటుంది? అందుకే మనం చేసేది చాలా తేలిక. కంప్యూటరు తెరనే ఫొటో తీస్తాం.

"ఇంత తంటా ఎందుకు, టీవీలో పెట్టి చూపిస్తే పోలా?" అని మీరనొచ్చు. మేమూ అదే చేశాం. మా మామగారికి ఎనభై ఆరేళ్ళు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రెండేళ్ళనుంచీ జ్ఞాపకం తగ్గుతూ వస్తోంది. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు. మా మరిదివాళ్ళు అమెరికానుంచి పంపిన పిల్లాడి ఫొటోలు టీవీలో పెడితే ఆయన రెండు నిమిషాలు చూసి, "ఇదేం అడ్వర్టైజుమెంటమ్మా, వార్తలు పెట్టు" అన్నారు. టీవీలో వచ్చేవాళ్ళంతా ఆయన లెక్కలో పరాయివాళ్ళే! మా మరిది ఆ మాట ఫోనులో విని ఏమీ అనలేదు. కాసేపు మాట్లాడకుండా ఉండి, "సరే వదినా" అని పెట్టేశాడు.

అప్పుడు నాకు ప్రొజెక్టరు గుర్తొచ్చింది. ఆకులూ, పువ్వులూ, వేళ్ళూ స్లైడ్లు తీసుకుని ఆయన ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది దాంతోనే. ఎన్ని మరిచిపోయినా, చేతికి అలవాటైన పని ఒకటి మిగిలి ఉంటుందేమోనని నా ఆశ. మా అమ్మాయికి చెబితే, "అమ్మా, కంప్యూటరు సంగతి నేను చూసుకుంటా, కెమెరా సంగతి నువ్వు చూసుకో" అంది. ఇద్దరం కలిసి చేసిన పద్ధతి ఇదీ.

కావలసినవి: ఫిల్ము వేసే పాత ఎస్సెల్లార్ కెమెరా, కదలని స్టాండు, స్లైడు ఫిల్ము ఒక రీలు, కంప్యూటరు, ఒక చేతి అద్దం. స్లైడు ఫిల్ము అంటే షాపువాడికి తెలియకపోతే 'ఈ-6 రివర్సల్ ఫిల్ము' అని అడగండి. కోడాక్ ఎక్టాక్రోమ్ 2012లో ఆగిపోయి, 2018లో మళ్ళీ వచ్చింది. మునుపటి కోడాక్రోమ్ కోసం మాత్రం వెతక్కండి. 2009లో దాని తయారీ ఆపేశారు, 2010 చివరికి కడిగేవాళ్ళూ లేకుండా పోయారు. అటకమీద పాత రీలు దొరికినా దాన్ని వాడకండి.

ముందు కంప్యూటరు పని. ఫొటోని 3కి 2 పాళ్ళలో కత్తిరించి, చుట్టూ కాస్త నల్లటి అంచు వదలండి. స్లైడు చట్రం నాలుగువైపులా కొంచెం మింగేస్తుంది కనుక తలలూ పాదాలూ అంచుదాకా రానివ్వకండి. మామూలు మానిటరులో అడ్డంగా 1920 చుక్కలుంటాయి, 4కె మానిటరులో 3840. గోడమీద బొమ్మ పెద్దదవుతుంది కాబట్టి చుక్కలెక్కువ ఉన్న మానిటరు ఎవరింట్లోనైనా ఉంటే ఒకపూట అడిగి తెచ్చుకోండి. పగటి వెలుగుకి తయారుచేసిన ఫిల్ముకి తెర వెలుగు కాస్త నీలంగా పడుతుంది. మానిటరు సెట్టింగులో రంగుని కొంచెం పసుపు వైపుకి తిప్పుకుంటే ముఖాలు పాలిపోకుండా వస్తాయి.

ఇక కెమెరా. రాత్రిపూట గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. తెరమీద మన నీడా, కెమెరా మెరుపూ పడకుండా వెనకాల నల్లటి దుప్పటి కట్టండి. 50 మిల్లీమీటర్ల లెన్సు చాలు, 100 ఉంటే ఇంకా మంచిది, అంచులు వంగవు. కెమెరా సరిగ్గా తెరకి ఎదురుగా ఉందో లేదో తెలుసుకోవడానికి చేతి అద్దాన్ని తెర మధ్యలో ఆనించి కెమెరాలోంచి చూడండి. మన లెన్సు అద్దంలో సరిగ్గా నడిమధ్య కనబడితే సరే, లేకపోతే స్టాండు సర్దండి. పక్కకి వాలితే బొమ్మ ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా వస్తుంది.

వెలుగు కొలవడంలోనే కిటుకంతా ఉంది. నెగెటివు ఫిల్ము చింతపండు పులుసులాంటిది, కాస్త ఎక్కువతక్కువలైనా సర్దుకుపోతుంది. స్లైడు ఫిల్ము బెల్లంపాకం. ఒక్క క్షణం మించిందా, ఇక వెనక్కి రాదు. వెలుగెక్కువైతే ముఖంమీద తెల్లటి మచ్చే మిగులుతుంది. అందుకని తెరంతా మధ్యరకం బూడిదరంగు నింపి, కెమెరా మీటరుతో దాన్ని కొలవండి. ఫొటోనే కొలిస్తే తెల్లచీరలూ నల్లకోట్లూ మీటరుని తికమకపెడతాయి. 100 వేగం ఫిల్ముకి, ఎఫ్/8 దగ్గర, మా తెరకి పావు సెకను వచ్చింది. మీ తెర వెలుగుని బట్టి మీకు మారుతుంది. ఒక్కో ఫొటోని మూడుసార్లు తీయండి, కొలిచినంత ఒకటి, అర మెట్టు ఎక్కువ ఒకటి, అర మెట్టు తక్కువ ఒకటి. చేత్తో నొక్కితే కెమెరా అదురుతుంది. సెల్ఫ్ టైమరు పెట్టి దూరంగా నిలబడండి. పాత పిక్చరు ట్యూబు మానిటరైతే షట్టరు ఇంకా నిదానంగా, అర సెకనో, సెకనో పెట్టండి. లేకపోతే బొమ్మమీద నల్లటి పట్టీ పడుతుంది.

లెక్క చూడండి. రీలుకి 36 బొమ్మలు. మూడేసి చొప్పున తీస్తే మొదటి రీలుకి 12 ఫొటోలే. వెలుగు సంగతి ఒకసారి తేలిపోయాక రెండో రీలుకి మొత్తం 36 తీసుకోవచ్చు.

ఫిల్ము కడగడం ఇంట్లో కూడా చేయొచ్చు, అందుకు కిట్లున్నాయి. కానీ మొదటి మందు సరిగ్గా 38 డిగ్రీల వేడిలో ఉండాలి, వంటింటి గిన్నెలు దానికి వాడకూడదు, పిల్లలున్న ఇంట్లో ఆ మందులు ఉంచడం నాకిష్టంలేదు. నేను ల్యాబుకే పంపాను. ఈ-6 కడిగేవాళ్ళు ఇప్పుడు మన దేశంలో బహుకొద్దిమంది. అందుకని ముందు ఫోనుచేసి కనుక్కుని కొరియరు చెయ్యండి. "చట్రాలు బిగించి పంపండి" అని కాగితంమీద రాసి పెట్టండి.

వచ్చిన స్లైడుని అంచులు పట్టుకునే చూడాలి. బొమ్మ మనకి సరిగ్గా కనబడేలా పట్టుకుని, ఎడమవైపు కిందిమూల ఒక చుక్క పెట్టండి. ప్రొజెక్టరు వెనక నిలబడి దాన్ని తలకిందులు చేసి పెట్టాలి. అంటే ఆ చుక్క కుడివైపు పైమూలకి వస్తుంది. చుక్కలన్నీ ఒకే వరసలో ఉంటే ఎవరి తలా కిందికి వేలాడదు! దీపం మార్చాల్సి వస్తే హేలోజను బల్బుని వేళ్ళతో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే వేడికి పాడైపోతుంది. మెత్తటి గుడ్డతో పట్టుకోండి. ఆట అయ్యాక ఫ్యాను కాసేపు తిరగనివ్వండి.

ఆ సాయంత్రం మేం దుప్పటి కట్టలేదు, తెల్లగోడ చాలింది. మామగారి కుర్చీ ప్రొజెక్టరు పక్కన వేశాం. నేనేమీ చెప్పలేదు. ఆయన ఒక స్లైడు తీసి దీపానికి అడ్డంపెట్టి చూసి, తిప్పి, తలకిందులు చేసి ట్రేలో పెట్టారు. ఒక్కటి కాదు, పన్నెండూ ఆయనే పెట్టారు. "దీపం ఆర్పమ్మా" అన్నారు. అది క్లాసులో గొంతు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో విన్నాను, మళ్ళీ ఇన్నాళ్ళకి విన్నాను.

నాలుగో స్లైడులో మనవడు పెరట్లో ఎర్రటి చెట్టుకింద నిలబడి ఉన్నాడు. మామగారు లేచి గోడదగ్గరికి వెళ్ళి, ఆకుమీద వేలుపెట్టి, "ఏసర్. ఏసరేసీ కుటుంబం" అన్నారు. చెట్టు పేరు చెప్పారు, పిల్లాడి పేరు చెప్పలేదు. మా అమ్మాయి నావంక చూసింది. ఆయన మిగతావన్నీ చూసి, ఎవరూ అడక్కుండానే వెనక్కి తిప్పుకుంటూ మళ్ళీ ఆ నాలుగోదానికే వచ్చారు. "ఈ పిల్లాడు మనవాడేనా?" అని అడిగారు. "మీ మనవడే మామయ్యగారూ" అన్నాను. "చెట్టుకింద నిలబెట్టి తీశారు, మంచిపని చేశారు" అని, కూర్చుని, ఆ బొమ్మ అలాగే ఉంచమన్నారు.

దీనితో ఆయన జ్ఞాపకం తిరిగొచ్చిందని నేను చెప్పను, రాలేదు. మర్నాడు మళ్ళీ అడిగారు ఆ పిల్లాడెవరని. కానీ ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఆ ఇంట్లో ఆయన చూపించేవారు, మేం చూసేవాళ్ళం. అందరూ ఆయనకి ఏదో ఒకటి చేసిపెట్టే ఇంట్లో, ఆయన మాకు చేసిపెట్టే పని ఒకటి దొరికింది. మా మరిదికి ఆ సంగతి చెప్పి, "ఈసారి చెట్లకింద నిలబెట్టి తీసి పంపు" అన్నాను.

స్లైడ్లని జాగ్రత్త చేయడం మరవకండి. మన ఉక్కపోతకి ఫిల్ముమీద బూజు పడుతుంది. పీవీసీ కవర్లు వద్దు, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, బీరువాలో చల్లటిచోట పెట్టండి. ఒకే బొమ్మని దీపం ముందు చాలాసేపు ఉంచితే రంగు వెలుస్తుంది. ఎక్కువసేపు చూడాలనిపించేదాన్ని రెండు కాపీలు తీసుకోండి. మూడుసార్లు తీస్తాం కనుక రెండోది ఎలాగూ చేతిలో ఉంటుంది.

ఇంట్లో ప్రొజెక్టరు లేనివాళ్ళు ఇందుకోసం కొనాలనుకుంటే ఒక్కమాట. కోడాక్ వాళ్ళు 2004లోనే ప్రొజెక్టర్ల తయారీ మానేశారు, దొరికేవి చాలావరకు ఎవరో వాడినవే. బల్బు, ఫ్యాను, ట్రే మూడూ మీ కళ్ళముందు నడిపించి చూపిస్తేనే తీసుకోండి. లేదంటే స్టూడియోలో పన్నెండు ఫొటోలు పెద్ద సైజులో ప్రింటు వేయించి పెద్దవాళ్ళ చేతికివ్వండి, అదీ మంచిదే. మీ పెద్దవాళ్ళ చేతికి ఏది అలవాటో అది ఎంచుకోండి.

ఏ దారి పట్టినా, ముందుగా చెయ్యాల్సిన పని మాత్రం ఒకటే. ఆ వేల ఫొటోల్లోంచి పన్నెండు ఏరాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం కన్నా కష్టం సుమండీ! ఇక్కడ పారేసేవన్నీ కూడా బియ్యమే. ఈ వారం మధ్యాహ్నం పని అయ్యాక ఫోను పట్టుకుని కూర్చోండి. ఏరుతున్నప్పుడు మీకు నచ్చినవి కాకుండా, చూసేవారు ఎక్కడ ఆగుతారో ఆలోచించి ఏరండి. చెట్టు దగ్గర ఆగేవారికి చెట్టు, ఆవు దగ్గర ఆగేవారికి ఆవు, పాత ఇల్లు దగ్గర ఆగేవారికి ఆ ఇంటి గుమ్మం. పక్కనే మీ పిల్లాడు నిలబడి ఉంటే చాలు.